మోతాదు రేఖ, దాని అనిశ్చితి: కల్యంపూడి రాధాకృష్ణ రావు స్మారక ఉపన్యాసం

క్యాన్సర్‌ను అణచగలదని ఆశ కలిగించిన ప్రతి పదార్థమూ రోగి శరీరాన్ని చేరడానికి ఏళ్ల ముందే ప్రయోగశాలలో ఒక పరీక్షకు నిలబడుతుంది. చిన్న ప్లాస్టిక్ ప్లేటులో వరుసలుగా ఉండే 96 గుంటల్లో క్యాన్సర్ కణాలను పెంచి, వాటికి మందును వేర్వేరు గాఢతల్లో అందించి, రెండు మూడు రోజులు గడిచాక ఏ గాఢత వద్ద ఎన్ని కణాలు మిగిలాయో కొలిచి, ఆ కొలతలను గ్రాఫు మీద చుక్కలుగా గుర్తించి, వాటి గుండా ఒక వంపు గీత గీస్తారు. దానినే మోతాదు–ప్రతిస్పందన రేఖ అంటారు. మందు వేయని గుంటలతో పోలిస్తే కణాలు సగానికి తగ్గిన గాఢతను ఆ రేఖ మీద చదివి, దానికి ఐసీ50 అని పేరు పెట్టి, ఆ ఒక్క సంఖ్యతో మందుల బలాబలాలను నిర్ణయిస్తారు. పరిశోధన పత్రాల పట్టికల్లో ఈ సంఖ్యలు వేలకు వేలుగా, కొన్నిసార్లు దశాంశ బిందువు తరవాత మూడేసి అంకెలతో కనిపిస్తాయి. చదివేవారికి అది నీరు మరిగే ఉష్ణోగ్రత లాగా పదార్థంతోపాటే పుట్టిన గుణమని తోస్తుంది. నిజానికి ఐసీ50 కంటితో చూసిన విషయం కాదు. కొన్ని చుక్కలను ఆధారం చేసుకుని, ఒక గణిత నమూనాను నమ్మి వేసిన అంచనా. ఆ అంచనా ఎంత గట్టిదో చెప్పకుండా సంఖ్యను మాత్రమే ప్రకటించడం సగం శాస్త్రమే అవుతుందన్నది ఈ ఉపన్యాసం నిలబెట్టదలచిన వాదం.

ఒక అంచనా ఎంత గట్టిగా ఉండగలదన్న ప్రశ్నకు ప్రపంచమంతా ఇప్పటికీ వాడుతున్న జవాబుల్లో ప్రధానమైనదాన్ని ఇచ్చినవారు తుంగభద్ర ప్రాంతంలో పుట్టిన తెలుగువారు. కల్యంపూడి రాధాకృష్ణ రావు 1920 సెప్టెంబర్ 10న నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్లారి జిల్లా హడగలిలో జన్మించారు. ఇప్పుడు కర్నూలు జిల్లాలో ఉన్న హొళగుంద చుట్టుపక్కల ఊళ్లూ, ఆదోని, ఆలూరు తాలూకాలూ అప్పుడు ఆ జిల్లాలోనివే. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చి, హడగలి అటు మైసూరు రాష్ట్రంలో చేరడం వల్ల ఒకే జిల్లాకు చెందిన ఊళ్లు రెండు రాష్ట్రాల పాలయ్యాయి. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో పట్టా పొంది, 1941లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన రావు, 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో ప్రచురించిన వ్యాసంలో అంచనాల కచ్చితత్వానికి ఉన్న హద్దును నిరూపించారు. 2023లో అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర పురస్కారం ఆయనకు లభించింది. అదే ఏడాది ఆగస్టులో, 102 ఏళ్ల వయసులో, అమెరికాలో మరణించారు.

మందుల వైపు నుంచి చూసినా ఈ విషయం తెలుగువారికి దూరమైనది కాదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో నాయకత్వం వహించిన పరిశోధన ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణకు, ఆ తరవాత ఆ ఆమ్లానికి విరోధులుగా పనిచేసే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లకు దారితీసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను లుకేమియా సోకిన పిల్లలకు ఇచ్చి, 16 మందిలో 10 మందికి మెరుగుదల కనిపించిందని 1948 జూన్‌లో ప్రకటించారు; ఆ మెరుగుదల తాత్కాలికమే అయినా రక్తక్యాన్సర్‌ను రసాయనంతో వెనక్కి నెట్టవచ్చని అది రుజువు చేసింది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. అమినోప్టెరిన్ స్థానాన్ని కొద్ది కాలంలోనే ఆక్రమించిన మెథోట్రెక్సేట్ డెబ్బై ఏళ్లు దాటినా వైద్యంలో నిలిచే ఉంది గనుక, మోతాదు రేఖ గుణదోషాలను వివరించడానికి ఇక్కడ పదేపదే ఆ మందునే ఉదాహరణగా తీసుకోవడం సముచితం.

రేఖకు గణిత రూపం ఇచ్చినది 1910లో ఎ.వి. హిల్, హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే తీరును వర్ణించడానికి రాసిన సమీకరణం. దాన్ని మందులకు అన్వయించినప్పుడు నాలుగు పరామితులు, అంటే ప్రయోగ ఫలితాల నుంచి అంచనా వేయవలసిన నాలుగు తెలియని విలువలు, వస్తాయి: మందు లేనప్పుడు కణాల స్థాయిని చెప్పే పై మట్టం, ఎంత మందు పోసినా అంతకంటే తగ్గని కింది మట్టం, ఆ రెంటికీ నడిమి స్థాయిని ఇచ్చే మధ్య గాఢత, రేఖ ఎంత నిటారుగా దిగుతుందో చెప్పే వాలు. గాఢతలు లీటరుకు నానోమోల్ నుంచి వందల మైక్రోమోల్ వరకు లక్షల రెట్ల మేర విస్తరించి ఉండడం వల్ల అడ్డగీత మీద వాటి సంవర్గమానాలను తీసుకుంటారు, అప్పుడు రేఖ సాగదీసిన ఎస్ అక్షరం ఆకారంలో కనిపిస్తుంది. వాలు విలువ 1 అయితే పదో వంతు ప్రభావం నుంచి తొంభై శాతం ప్రభావానికి చేరడానికి గాఢతను 81 రెట్లు పెంచాలి. వాలు 2 అయితే 9 రెట్లు, 4 అయితే 3 రెట్లు చాలు. కాబట్టి ఐసీ50 ఒక్కటే అయిన రెండు మందులు వైద్యుడి చేతిలో పూర్తిగా వేరుగా ప్రవర్తించవచ్చు. ఒకటి మోతాదు కాస్త తగ్గితే కొద్దిగా బలహీనపడుతుంది, మరొకటి అంతే తగ్గుదలకు దాదాపు పనిచేయడం మానేస్తుంది.

ఈ గణితంలో ఎక్కువ భాగం పెరిగింది పురుగుల మీద చేసిన ప్రయోగాల్లో అన్న సంగతి పత్తి పండించే ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలవారు తెలుసుకోదగినది. జీవుల్లో సగం చనిపోయే మోతాదును ఎల్‌డీ50 అని 1927లో ట్రెవాన్ నిర్వచించగా, పురుగుమందుల విషశక్తిని కొలవడానికి చెస్టర్ బ్లిస్ 1934లో ప్రాబిట్ అనే పద్ధతిని రూపొందించారు. ఒకే జాతి పురుగుల్లో కూడా ఒకటి కొద్ది మందుకే చనిపోతుంది, మరొకటి ఎక్కువ మందుకు గాని లొంగదు. ఆ తట్టుకునే శక్తి పురుగు నుంచి పురుగుకు మారే తీరే రేఖకు వంపునిస్తుందని వారు గ్రహించారు. క్యాన్సర్ కణాల విషయంలోనూ రేఖ నెమ్మదిగా దిగుతోందంటే ఆ కణాల గుంపు ఏకరీతిగా లేదన్న అనుమానం రావాలి; కింది మట్టం సున్నాకు చేరలేదంటే మందుకు లొంగని కణాలు కొన్ని మిగిలాయేమోనని వెతకాలి. ఐసీ50 ఒక్కదాన్నే పట్టికకు ఎక్కించి వాలునూ కింది మట్టాన్నీ వదిలేసినవారు ప్రయోగం చెప్పిన మాటల్లో ముఖ్యమైనవాటిని పారేసినట్టే.

రావు 1945 నాటి ఫలితం ఈ చోట అక్కరకు వస్తుంది. ఒక పరామితికి వేసే నిష్పాక్షిక అంచనా, అంటే ప్రయోగాన్ని మళ్లీ మళ్లీ చేస్తే సగటున నిజ విలువ వద్దనే నిలిచే అంచనా, ఎంత నేర్పుగా వేసినదైనా దాని విస్తృతి, అంటే నిజ విలువ చుట్టూ అది చెదిరే పరిమాణం, ఒక హద్దు కంటే తగ్గజాలదని, ఆ హద్దు ప్రయోగంలో ఇమిడి ఉన్న సమాచారానికి విలోమంగా ఉంటుందని ఆయన చూపారు. సమాచారం అన్న భావనకు కొలత ఇచ్చినది రోనాల్డ్ ఫిషర్. కానీ ఆయన చర్చ కొలతల సంఖ్య అనంతంగా పెరిగిన స్థితికి పరిమితం కాగా, చేతిలో ఉన్న కొద్దిపాటి కొలతలకే వర్తించే హద్దును రావు నిరూపించారు. ఆ సంవత్సరాల్లోనే ఫ్రాన్సులో ఫ్రెషే, దార్మోయి, స్వీడన్‌లో హరాల్డ్ క్రామర్ స్వతంత్రంగా ఇటువంటి ఫలితాలకే చేరారు. ప్రపంచ పాఠ్యగ్రంథాల్లో అది క్రామర్–రావు హద్దుగా స్థిరపడింది. ఈ హద్దులోని గొప్పతనం ఏమిటంటే ప్రయోగం చేయకముందే దాన్ని లెక్కగట్టవచ్చు. ఏ గాఢతల వద్ద ఎన్ని గుంటలు కేటాయిస్తే ఐసీ50 ఎంత కచ్చితంగా తెలుస్తుందో, ఎంతకు మించి తెలియదో ముందే చెప్పవచ్చు.

లెక్క కష్టమైనది కాదు. ప్రతి గుంటలోనూ కొలత దోషం ఒకే స్థాయిలో ఉందనుకుంటే, మధ్య గాఢత గురించి ఒక గుంట ఇచ్చే సమాచారం ఆ బిందువు వద్ద రేఖ ఎంత నిటారుగా ఉందో దాని వర్గానికి అనుపాతంలో ఉంటుంది. హిల్ రేఖ సగం ప్రభావం వద్ద అన్నిటికంటే నిటారుగా ఉంటుంది. మిగతా మూడు పరామితులు తెలిసినవే అనుకున్నప్పుడు, సగం ప్రభావం వద్ద ఉన్న ఒక్క గుంట పది శాతం ప్రభావం వద్ద ఉన్న దాదాపు 8 గుంటలతో, ఒక శాతం ప్రభావం వద్ద ఉన్న 600కు పైగా గుంటలతో సమానమైన సమాచారాన్ని ఇస్తుంది. రేఖ చదునుగా ఉన్న చివరల వద్ద ఎన్ని గుంటలు నింపినా ఐసీ50 కచ్చితత్వం దాదాపు పెరగదన్నమాట. వాలు విషయానికి వస్తే లెక్క తారుమారవుతుంది: సరిగ్గా మధ్య బిందువు వాలు గురించి ఏమీ చెప్పదు, 18 శాతం, 82 శాతం ప్రభావాల పరిసరాల్లోని గాఢతలే అన్నిటికంటే ఎక్కువ చెబుతాయి. పై, కింది మట్టాలు తెలియాలంటే మాత్రం రెండు చివరలా కొలతలు ఉండి తీరాలి. నాలుగు పరామితులకు కనీసం నాలుగు గాఢతలు అవసరం. నమూనా సరైనదో కాదో పరీక్షించాలంటే అంతకు మించి కావాలి, ఎందుకంటే నాలుగు బిందువుల గుండా పోయే నాలుగు పరామితుల రేఖ తన తప్పును తానే ఎన్నడూ బయటపెట్టదు.

సామాన్యంగా జరిగే ఒక ప్రయోగాన్ని ఈ కంటితో చూడవచ్చు. ఒక మందును 100, 10, 1, 0.1, 0.01 మైక్రోమోలార్ గాఢతల్లో, అంటే ఒక్కో మెట్టుకు పది రెట్ల తేడాతో, పరీక్షించారనుకుంటే, ఆ మందు రేఖ వాలు 2 అయినప్పుడు పది నుంచి తొంభై శాతం వరకు పతనమంతా 9 రెట్ల వ్యవధిలోనే, అంటే పక్కపక్క మెట్ల మధ్య ఖాళీలోనే, జరిగిపోవచ్చు. ఒక బిందువు పైన, మరో బిందువు కింద ఉంటాయి. దిగే దారి మీద ఒక్క చుక్క కూడా ఉండదు. కంప్యూటర్ మాత్రం సందేహించకుండా 2.347 మైక్రోమోలార్ వంటి సంఖ్యను ముద్రిస్తుంది, ఎందుకంటే దానికి అప్పగించిన పని ఒక రేఖను సరిపెట్టడమే. విశ్వాస అంతరాన్ని, అంటే నిజ విలువ ఉండగల పరిధిని, అడిగితేనే ఆ సంఖ్య వెనుక ఉన్న శూన్యం కనిపిస్తుంది. ఇంతకంటే తీవ్రమైన లోపం మరొకటి ఉంది: అత్యధిక గాఢత వద్ద కూడా ప్రభావం ముప్పై శాతానికి మించని మందుకు సైతం రేఖను పొడిగించి, ఎవరూ పరీక్షించని గాఢతను ఐసీ50గా ప్రకటించడం. అటువంటి సందర్భంలో పరీక్షించిన అత్యధిక గాఢత కంటే ఎక్కువ అని మాత్రమే రాయడం నిజాయితీ.

ఏ గాఢతలు తీసుకోవాలో తెలియాలంటే జవాబు ముందే తెలిసి ఉండాలి కదా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. దానికి పరిష్కారం ప్రయోగాన్ని రెండు దశలుగా చేయడం. విశాలమైన మెట్లతో మొదట రేఖ ఎక్కడ దిగుతుందో పట్టుకుని, రెండో విడతలో ఆ ప్రాంతంలో గాఢతలను దగ్గర దగ్గరగా అమర్చడం. ఖర్చు విషయంలో కూడా ఇది పేద ప్రయోగశాలకు మేలు చేసే పద్ధతి, ఎందుకంటే అదే సంఖ్యలో గుంటలతో ఎక్కువ సమాచారం దక్కుతుంది. గుంటల సంఖ్య గురించి మరో మాట చెప్పాలి. ఒకే ప్లేటు మీద పక్కపక్కనే ఉన్న మూడు గుంటలను మూడు ప్రయోగాలుగా లెక్కించడం చాలా చోట్ల కనిపించే అలవాటు. ఆ మూడింటికీ కణాలు ఒకే సీసా నుంచి వచ్చాయి, మందు ఒకే పలచన వరుస నుంచి వచ్చింది, ఆ వరుసలో మొదటి మెట్టు వద్ద పైపెట్ చేసిన పొరపాటు చివరి మెట్టు దాకా అన్నిటికీ సమానంగా సంక్రమించింది. వేర్వేరు రోజుల్లో, కొత్తగా పెంచిన కణాలతో, కొత్తగా తయారుచేసిన మందుతో చేసినప్పుడు వచ్చే తేడాయే అసలైన అనిశ్చితి. ఒక రోజులో గుంటలను ఎంత పెంచినా రోజుకూ రోజుకూ ఉండే తేడా తగ్గదు.

ఇంతవరకు చెప్పినదంతా నమూనా సరైనదైతే వర్తించే మాట. కొలిచే వస్తువే సందేహాస్పదమైనప్పుడు ఏ సూత్రమూ కాపాడలేదు. కణాలను ఒక్కొక్కటిగా లెక్కించడం శ్రమతో కూడినది గనుక, 1983లో మోస్మాన్ ప్రవేశపెట్టిన ఎంటీటీ పరీక్ష విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. బతికిన కణాలు ఒక పసుపు లవణాన్ని ఊదా రంగు పదార్థంగా మారుస్తాయి, ఆ రంగు చిక్కదనాన్ని యంత్రం చదువుతుంది. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ మొదలుకుని దేశంలోని ఎన్నో ప్రయోగశాలల్లో కొత్త అణువుల తొలి పరీక్ష ఇటువంటి రంగు పరీక్షే. రంగు చెప్పేది కణాల జీవక్రియ గురించి. కణాల సంఖ్య గురించి పరోక్షంగా మాత్రమే. మెథోట్రెక్సేట్ తగిలిన కణం డీఎన్ఏ తయారు చేసుకోలేక విభజన ఆపేస్తుంది గాని, ప్రోటీన్ల తయారీ సాగుతూ ఉండడం వల్ల కొంతకాలం ఉబ్బి పెద్దదవుతుంది. అటువంటి కణం వెంటనే చావకపోగా రంగును యథాప్రకారం ఇస్తూ ఉండవచ్చు. సంఖ్య చూస్తే మందు బాగా పనిచేసింది, రంగు చూస్తే అంతగా పనిచేయలేదు.

ఆ మందు విషయంలోనే మరికొన్ని చిక్కులు రేఖను అటూ ఇటూ జరుపుతాయి. డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్‌ను మెథోట్రెక్సేట్ చాలా గట్టిగా పట్టుకుంటుంది. పట్టు అంత గట్టిదైనప్పుడు సగం నిరోధానికి కావలసిన మందు పరిమాణం ఎంజైమ్ ఎంత ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. అందుకే ఆ ఎంజైమ్ జన్యువు ప్రతులను పెంచుకున్న కణాలు మందును ధిక్కరిస్తాయని 1978లో షిమ్కే బృందం చూపగలిగింది. కణాలు పెరిగే పోషక ద్రవంలో థైమిడిన్, హైపోజాంథిన్ వంటి సిద్ధ పదార్థాలు ఉంటే కణాలు వాటితో మందు అడ్డుకున్న దారిని తప్పించుకుని మరో దారిన డీఎన్ఏ కట్టుకుంటాయి. పైగా ఈ మందు డీఎన్ఏ తయారీ దశలో ఉన్న కణాలనే ప్రధానంగా చంపుతుంది కాబట్టి, కొద్ది గంటలే మందు తగిలితే రేఖ కొంత దూరం నిటారుగా దిగి అక్కడే చదునవుతుంది. అటుపైన గాఢతను వంద రెట్లు పెంచినా ఫలితం కొద్దే, సమయాన్ని పెంచితే మాత్రం రేఖ ఇంకా దిగుతుంది. కాబట్టి మెథోట్రెక్సేట్ ఐసీ50 ఎంత అన్న ప్రశ్నకు ఏ కణాలు, ఏ ద్రవం, ఎన్ని గంటలు, ఏ కొలత అన్న నాలుగు వివరాలు లేకుండా అర్థం లేదు.

కాలం తెచ్చే మరో చిక్కు అన్ని మందులకూ సామాన్యమైనది, చాలాకాలం ఎవరూ పట్టించుకోనిది. ఒక మందు కణాల విభజన వేగాన్ని సరిగ్గా సగం చేస్తుందనుకుంటే, 24 గంటలకోసారి రెట్టింపయ్యే కణాలు మందు లేకుండా 72 గంటల్లో 8 రెట్లవుతాయి, మందుతో 2.83 రెట్లవుతాయి, అంటే మిగిలినవి 35 శాతం. 72 గంటలకోసారి రెట్టింపయ్యే కణాలు మందు లేకుండా 2 రెట్లు, మందుతో 1.41 రెట్లు అవుతాయి; మిగిలినవి 71 శాతం. మందు రెంటి మీదా ఒకే పని చేసింది, పట్టిక మాత్రం మొదటి కణాలు మందుకు లొంగాయని, రెండోవి ఎదిరించాయని చెబుతుంది. రెండో రకం కణాల విభజన పూర్తిగా ఆగిపోయినా మిగిలేది 50 శాతమే; ఇంకా నెమ్మదిగా పెరిగే కణాలైతే విభజన సంపూర్ణంగా ఆగినా ఐసీ50 అన్నదే దొరకదు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 60 సెల్ లైన్లతో, అంటే రోగుల కణితుల నుంచి తీసి ప్రయోగశాలలో తరతరాలుగా పెంచుతున్న కణ వంశాలతో, నడిపే పరీక్షలో మందు వేసే సమయానికి ఉన్న కణాలను కూడా కొలిచి, పెరుగుదల సగమైన గాఢతను, పెరుగుదల పూర్తిగా ఆగిన గాఢతను, ఉన్న కణాల్లో సగం చచ్చిన గాఢతను వేర్వేరుగా చెప్పడం ఈ లోపాన్ని కొంత దిద్దింది. 2016లో హార్వర్డ్‌లో పీటర్ సోర్గర్ బృందం విభజన వేగాన్నే కొలతగా తీసుకునే పద్ధతిని ప్రతిపాదించి ఆ దిద్దుబాటును పూర్తిచేసింది. మొదటి రోజు ఒక ప్లేటును అదనంగా కొలిస్తే చాలు, ఈ దోషం తొలగిపోతుంది. ఇంత చవకైన దిద్దుబాటును ఇప్పటికీ చాలా ప్రయోగశాలలు చేయకపోవడం విచారకరం.

ఈ జాగ్రత్తల అవసరం ఎంత ఉందో 2013లో బయటపడింది. వందలాది సెల్ లైన్ల మీద పదుల మందులను పరీక్షించిన రెండు మహా పరిశోధనలు అంతకు ముందటి ఏడాది వెలువడ్డాయి. వాటిలో ఉమ్మడిగా ఉన్న 15 మందులను, 471 సెల్ లైన్లను తీసుకుని హైబె-కైన్స్ బృందం పోల్చి చూస్తే, జన్యువుల వ్యక్తీకరణ కొలతలు రెండు చోట్లా బాగా ఏకీభవించాయి గాని, మందుల ఐసీ50లు చాలావరకు ఏకీభవించలేదు. వాడిన కణ పరీక్షలు, గాఢతల పరిధులు, రేఖను సరిపెట్టిన తీరు వేర్వేరు. సరైన కొలతలతో చూస్తే అంగీకారం మెరుగ్గానే ఉందని ఆ రెండు మహా పరిశోధనలు చేసినవారు తరవాత సమాధానమిచ్చారు. ఆ సమాధానంలోనూ సత్యం ఉంది, ఎందుకంటే ఏ మందుకూ స్పందించని కణాల ఐసీ50లు శూన్యంలోకి పొడిగించిన అంచనాలు కనుక వాటి మధ్య పొంతనను ఆశించడమే తప్పు. అనిశ్చితి ప్రతి సంఖ్య పక్కనా అచ్చయి ఉంటే ఆ వాదంలో సగం పుట్టేదే కాదు.

సగం చావు అన్న ప్రమాణమే వైద్యానికి ఎంత దూరమో కూడా గుర్తించాలి. 1960ల్లో హోవర్డ్ స్కిప్పర్ ఎలుకల లుకేమియా మీద చేసిన పనిలో, ఒక మోతాదు కణాలలో ఒక స్థిరమైన భాగాన్ని చంపుతుందని, బతికిన ఒక్క కణం కూడా వ్యాధిని తిరిగి తేగలదని తేలింది. వంద కోట్ల కణాల్లో 99.9 శాతం చనిపోయినా పది లక్షలు మిగులుతాయి. రంగు పరీక్షకు మిగిలిన రెండు మూడు శాతం కణాలకూ అసలేమీ మిగలకపోవడానికీ తేడా తెలియదు. మిగిలిన కణాల్లో ఏవి గుంపుకట్టి పెరగగలవో లెక్కించే కాలనీ పరీక్ష, 1956లో పక్, మార్కస్‌లు చూపిన పద్ధతి, వెయ్యిలో ఒకటి మిగిలినా పట్టుకుంటుంది. అది వారాలు పట్టే పని కనుక తొలి వడపోతలో వాడలేరు. ఎంపికైన కొద్ది మందులకైనా వాడకపోవడం సమర్థనీయం కాదు.

రెండు మందులను కలిపినప్పుడు వచ్చే లెక్కల్లో వాలును విస్మరిస్తే మందు తనకు తానే సహాయపడినట్టు కూడా తేలుతుంది. వాలు 4 ఉన్న మందు ఐసీ50లో సగం మోతాదు వద్ద 6 శాతం ప్రభావమే చూపుతుంది. రెండు సగాలు కలిస్తే ప్రభావం 50 శాతం. రెండు మందులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పనిచేస్తాయన్న బ్లిస్ సూత్రం ప్రకారం రావలసింది 11 శాతమే. ఆ సూత్రాన్ని గుడ్డిగా వాడితే ఒకే మందు రెండు సీసాల్లోంచి వచ్చినా అద్భుతమైన జోడీ అనిపిస్తుంది. మందుల జోడీల గురించి వచ్చే ఉత్సాహపూరిత ప్రకటనలను చదివేటప్పుడు విడివిడి రేఖలు చూపారా లేదా అని మొదట వెతకడం మంచిది.

ప్రయోగశాల రేఖ రోగి మంచం దాకా ఎలా ప్రయాణిస్తుందో చూస్తే ఈ చర్చ ఎవరి కోసమో తెలుస్తుంది. సుబ్బారావు పరిశోధన నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్‌ను ఎముక క్యాన్సర్‌లో శరీర ఉపరితలం చదరపు మీటరుకు 12 గ్రాముల చొప్పున ఎక్కించి, తరవాత ల్యూకోవోరిన్ అనే విరుగుడుతో సాధారణ కణాలను కాపాడతారు. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి తల, మెడ క్యాన్సర్లలో అదే మందును చదరపు మీటరుకు వారానికి 9 మిల్లీగ్రాముల మాత్రలుగా, మరి రెండు మందులతో కలిపి వాడుతుంది. రెంటికీ మధ్య తేడా వెయ్యి రెట్లకు పైనే. ఈ మాత్రల చికిత్సకు నివోలుమాబ్ అనే ఖరీదైన రోగనిరోధక మందును మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములు, అంటే సాధారణంగా రెండు వారాలకోసారి ఇచ్చే 240 మిల్లీగ్రాములలో పన్నెండో వంతు, చేర్చి అక్కడి వైద్యులు జరిపిన యాదృచ్ఛిక పరీక్షలో ఒక ఏడాది బతికినవారు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు. ఆ మందు చాలా తక్కువ మోతాదులోనే తన లక్ష్యాలను దాదాపు పూర్తిగా ఆక్రమిస్తుందని, అటుపైన రేఖ చదునని ముందే తెలిసి ఉండడమే ఆ సాహసానికి ఆధారం. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కూడా తట్టుకోగల గరిష్ఠ మోతాదునే సరైన మోతాదుగా భావించే పాత అలవాటును మార్చాలని 2021లో ప్రాజెక్ట్ ఆప్టిమస్ పేరుతో ప్రయత్నం మొదలుపెట్టింది. హొళగుంద నుంచి చికిత్స కోసం కర్నూలుకో, బెంగళూరు కిద్వాయ్ ఆసుపత్రికో, హైదరాబాద్ ఎంఎన్‌జే ఆసుపత్రికో పోయే కుటుంబానికి రేఖ ఎక్కడ చదునవుతుందన్నది అప్పు ఎంత తేవాలన్న ప్రశ్న కూడా.

తెలుగు నేల మీద రసాయన శాస్త్రం, ఔషధ పరిశ్రమ బలంగా ఉన్నాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో రావు పేరిట గణిత, సాంఖ్యక, కంప్యూటర్ శాస్త్రాల సంస్థ ఉంది. ఈ రెండు శాఖలవారూ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం ఇంకా మామూలు కాలేదు. కొత్త అణువును పరీక్షించే ప్రతి విద్యార్థీ ప్లేటు నింపకముందే గాఢతల ఎంపికను ఒక సాంఖ్యక శాస్త్రవేత్తతో చర్చించాలి. ప్రతి మార్గదర్శకుడూ ఐసీ50తోపాటు వాలును, కింది మట్టాన్ని, విశ్వాస అంతరాన్ని, ఎన్ని వేర్వేరు రోజుల ప్రయోగాలో ఆ సంఖ్యను రాయించాలి. ప్రతి పత్రికా చుక్కలు లేని రేఖను, రేఖ లేని పట్టికను వెనక్కి పంపాలి. హొళగుంద, ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు కళాశాలల్లో గణితం చదివే విద్యార్థులు సాంఖ్యక శాస్త్రాన్ని ఎంచుకుని, మందుల పరీక్షలో పనిచేయడానికి ముందుకు రావాలని ఈ ఉపన్యాసం కోరుతోంది.